నాలుగు కార్డులు, రెండు గీతలు

ఫిబ్రవరి 11, మంగళవారం

మనవరాలు రాసిన నవల అచ్చయి వచ్చింది. పిల్ల పది కాపీలు తెచ్చి నా మంచం మీద పేర్చింది. నాకొకటి, మిగిలిన తొమ్మిదీ నా ఇష్టమొచ్చినవాళ్ళకి పంచుకోమంది. నా కాపీ మొదటి పేజీలో ఏదో రాసిందట, చదివేటప్పుడు చూడమంది. చదివేదేముంది? రాతప్రతి మూడుసార్లు చదివినదాన్ని, ఎర్ర సిరాతో దిద్దినదాన్ని. మంత్రసానికి బిడ్డను పరిచయం చేసినట్టుంది.

అట్ట బాగుంది. పాతకాలపు టెలిఫోన్ ఎక్స్ఛేంజి బోర్డు, దాని మీద ఒకే ఒక్క ఎర్ర దీపం. ‘పదమూడు నిమిషాల ముందు’. పేరు నాకు నచ్చలేదని అప్పుడే చెప్పాను.

ప్రతి కాపీలోనూ ఒక కార్డు పెట్టారు. ఈ ప్రచురణకర్తల ఆనవాయితీ అట. పాఠకులు పేరు రాయనక్కర్లేదు. వృత్తి, వయసు, అభిప్రాయం రాసి పోస్టులో వేస్తే చాలు, నెలనెలా వాళ్ళ కరపత్రంలో అచ్చు వేస్తారు.

నా కాపీ మాత్రల డబ్బా కింద పెట్టాను. ఎత్తు సరిగ్గా సరిపోయింది.

మార్చి 3, సోమవారం

కరపత్రం వచ్చింది. పిల్ల పుస్తకానికి ఒకే ఒక్క కార్డు. రాసినవాడు దర్జీ, యాభై రెండేళ్ళు. ‘కథ బాగుంది. అక్షరాలు చిన్నవి.’ అంతే. సూదిలో దారం ఎక్కించే మనిషి చెప్పాడంటే నిజమే అయి ఉంటుంది. పక్క పేజీలో కుట్లు, అల్లికల పుస్తకానికి పదిహేడు కార్డులు.

పిల్ల దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని పనికి వెళ్ళింది. పళ్ళసెట్లు తయారుచేసే ల్యాబు దానిది. మైనం, ప్లాస్టరు మధ్య కూర్చుని, భోజన విరామంలో పేజీ పేజీ చొప్పున రెండేళ్ళు రాసిందా నవల. నా నోట్లో పళ్ళు కూడా అదే చేసింది. నేను దాన్ని కరిచినా దాని పళ్ళతోనే కరవాలి.

రెండో నవల సంపాదకురాలి బల్ల మీద ఉంది. మొదటిదానికి పాఠకులేమంటారో చూసి మే నెలలో చెబుతానందట. ‘చూసి చెబుతాను’ అంటే ఏమిటో నాకు తెలుసు. ముప్పై నాలుగేళ్ళు ఫిజిక్సు చెప్పాను. ఫెయిలు చేయబోయే పిల్లల తల్లిదండ్రులకి నేనూ అదే మాట చెప్పేదాన్ని.

రెండోది నాకు చూపించకుండానే ఇచ్చింది. తొందరలో కుదరలేదంది. అయి ఉంటుంది.

మార్చి 4, మంగళవారం

పంచాల్సిన కాపీల్లోంచి నాలుగు కార్డులు తీశాను. ఊరికే.

మార్చి 5, బుధవారం

నర్సు, ముప్పై ఎనిమిదేళ్ళు.

‘డ్యూటీలో చదవకూడదని తెలిసీ చదివాను. పదమూడు నిమిషాల తర్వాత రాబోయే ఫోన్ మాటలు ఆ బోర్డులో ముందే వినబడడం, వాటిలో ఒకటి హత్య గురించి కావడం, ఆ గొంతు ఎవరిదో ఆపరేటరు గుర్తుపట్టడం... చేతులు చల్లబడ్డాయి. అన్నిటికన్నా చివర్లో బోర్డు తగలబడే ఘట్టం గొప్పది. ఈమధ్య ఇంత మంచి ముగింపు చదవలేదు.’

ఇది అబద్ధం కాదు. అభిప్రాయం అక్షరాలా నాది. వృత్తి, వయసు మాత్రమే నావి కావు. వయసంటారా, ఆ గడి ఎదురైతే ఏ ఆడది నిజం రాస్తుంది?

మార్చి 8, శనివారం

మిగతా మూడూ అయిపోయాయి. రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్, అరవై ఒకటి: ఇంటి ప్లాన్లు గీసే స్కేలు పెట్టి కొట్టినట్టు నిటారు అక్షరాలు. కాలేజీ విద్యార్థి, పందొమ్మిది: కుడివైపు వాలి పరిగెత్తేవి. బస్సు కండక్టరు, నలభై నాలుగు: కుదుపుల్లో రాసినట్టు. వేల జవాబుపత్రాలు దిద్దినదాన్ని, మనుషుల చేతిరాతలు నాకు తెలిసినంత పోలీసులకి తెలియవు. డ్రాఫ్ట్స్‌మన్ చేత ఒక లోపం కూడా చెప్పించాను, నాలుగో అధ్యాయం సాగిందని. ఉత్త పొగడ్త ఎవరూ నమ్మరు. బోర్డు మంటని మాత్రం నలుగురూ మెచ్చుకున్నారు. మెచ్చుకోక ఏం చేస్తారు, బాగున్నప్పుడు?

కార్డుల కింద కాస్త చోటు మిగిలింది. ఎవరూ తోక తగిలించకుండా జాగ్రత్తపడి, నాలుగు వీధుల్లో నాలుగు డబ్బాల్లో వేశాను. నాలుగోది మెట్లెక్కి వెళ్ళాల్సిన చోట ఉంది. మోకాళ్ళు పట్టేశాయి. ఎక్కడికెళ్ళావని అమ్మాయి అడిగింది. నడకకన్నాను. నా కూతురు మందుల షాపు నడుపుతుంది కాబట్టి నడక అంటే చాలు, పొంగిపోతుంది.

ఏప్రిల్ 1, మంగళవారం

నాలుగూ వేశారు. వరసగా, గళ్ళు కట్టి. డ్రాఫ్ట్స్‌మన్‌ది అన్నిటికన్నా పైన.

సాయంత్రం పిల్ల కరపత్రం పట్టుకుని నిలబడే చదివింది. మొదటిది చదివి నా వైపు చూసింది. నాలుగూ అయ్యాక మళ్ళీ చూసింది. “చూశావా, ముగింపు ఎంతమందికి నచ్చిందో,” అన్నాను. “ఊఁ,” అని లోపలికి వెళ్ళిపోయింది. అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. సంతోషం ఎక్కువైతే కొందరంతే.

ఏప్రిల్ 3, గురువారం

అంతేనా?

ఏప్రిల్ 10, గురువారం

ఇది రాసేముందు రక్తపోటు చూసుకున్నాను, ఎక్కువే ఉంది. అమ్మాయికి చెప్పలేదు.

పక్కింటి గార్డు గారు వచ్చారు. రైల్వేలో గార్డు చేసి రిటైరైన మనిషి, ఏ పనైనా సిగ్నలు పడితేగాని చెయ్యడు. నేనిచ్చిన కాపీ రెండునెలలు చదివి ఇవాళ పూర్తిచేశాడట, అభిప్రాయం స్వయంగా చెప్పాలని వచ్చాడు. “టీచరమ్మా, ఆ చివర్లో ఆపరేటరు...” అన్నాడో లేదో, “బోర్డు తగలబెట్టేస్తుంది, ఎక్స్ఛేంజి అంతా మంటలు, అవునా?” అన్నాను. నాది చిన్నప్పటి జబ్బు. ఎదుటివాళ్ళ వాక్యం పూర్తయ్యేదాకా ఆగలేను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషిని చూసే జాలి. “మంటలా? మంటలెక్కడివమ్మా? ఆ పిల్ల ఊరికే ఫోను తీసి వింటుంది కదా,” అన్నాడు.

పాపం, పెద్దాయనకి మతి తప్పుతోందనుకున్నాను. టీ ఇచ్చి పంపించాను. ఆయనా నా గురించి అదే అనుకుంటూ వెళ్ళినట్టున్నాడు, గుమ్మం దాటేటప్పుడు మెల్లగా వెళ్ళి పడుకోమన్నాడు.

తర్వాత మాత్రల డబ్బా పక్కకి జరిపాను.

మొదటి పేజీలో ఉంది, దాని చేతిరాతలో: ‘అమ్మమ్మా, చివరి అధ్యాయం మార్చేశాను. కోపం తెచ్చుకో, పరవాలేదు. కానీ ముందు చదువు.’

రెండు నెలలు. మూడు పూటలా ఆ డబ్బా తీస్తూ, పెడుతూ.

ఏప్రిల్ 11, శుక్రవారం

చదివాను. మొదటినుంచీ, కలం పట్టుకోకుండా.

రాతప్రతిలో హత్య చేసింది ఎక్స్ఛేంజి సూపర్వైజరు, ఆపరేటరుకి పని నేర్పిన పెద్దావిడ. ఆ సంగతి బయటపడగానే బోర్డు తగలబడుతుంది, పెద్దావిడ అందులో పోతుంది, కథకి గంట కొడతాం. అచ్చులో అలా లేదు. పెద్దావిడ ఫోన్ చేసి తప్పు ఒప్పుకోబోతోందని ఆపరేటరుకి పదమూడు నిమిషాల ముందే వినబడుతుంది. మాట మాటా తెలిసిపోతుంది. పోలీసులకి చెప్పదు, బోర్డు ముట్టుకోదు, కూర్చుంటుంది. గంట మోగుతుంది. తీసి, ఏమీ తెలియనిదానిలా అంతా వింటుంది. మధ్యలో ఒక్క మాట అందించదు. అంతే, పుస్తకం అయిపోయింది.

నాలుగుసార్లు చదివాను చివరి పేజీ.

రాయాల్సింది ఒకటుంది. ఆ మంట నాది. పిల్ల మొదట ఏదో మెత్తగా రాసుకొచ్చింది. ఇది ముగింపా, నీళ్ళపులుసా, తగలబెట్టమని నేనే మార్జిన్లో రాసిచ్చాను. నర్సూ, డ్రాఫ్ట్స్‌మనూ, కుర్రవాడూ, కండక్టరూ కలిసి మెచ్చుకున్నది ఎవరినో ఇప్పుడు అర్థమవుతోంది.

దాని కోసమే రాశాననుకున్నాను.

ఏప్రిల్ 15, మంగళవారం

పోస్టుమాన్ వస్తే ముందు నేనే గుమ్మంలోకి వెళుతున్నాను, ప్రచురణకర్తల ఉత్తరమేమోనని. ఇవాళ కరెంటు బిల్లు.

ఏప్రిల్ 18, శుక్రవారం

పొద్దున అమ్మాయి నవ్వుతూ చెప్పింది. పుస్తకం కొన్నవాళ్ళు కాపీలు వెనక్కి తెస్తున్నారట. తమ కాపీలో మంట లేదు, పేజీలు ఊడిపోయినట్టున్నాయి, నిండు కాపీ ఇమ్మని. ఇప్పటికి పదకొండు మంది.

“తమాషాగా లేదూ?” అంది అమ్మాయి. పిల్ల తలెత్తలేదు. నేను నవ్వాను. నవ్వుతున్నప్పుడు పళ్ళసెట్టు కదిలింది.

ఏప్రిల్ 22, మంగళవారం

సంపాదకురాలు పిల్లని పిలిపించింది. నాలుగు కార్డులూ బల్ల మీద పరిచి అడిగిందట. ఈ మంట మీరు మొదట ఇచ్చిన రాతప్రతిలో తప్ప ఎక్కడా లేదు, ఆ ప్రతి మీరూ నేనూ తప్ప ఇంకెవరైనా చూశారా అని. ఎవరూ చూడలేదని చెప్పిందట పిల్ల.

అయితే ఈ కార్డులు మీరే రాసుకున్నారనుకోవాలి, సొంత పుస్తకానికి సొంత చప్పట్లు కొట్టుకునేవాళ్ళ రెండో పుస్తకం మేం వెయ్యం, మే తొమ్మిదిలోగా ఏం చెబుతారో చెప్పండి అందట సంపాదకురాలు.

ఇదంతా అమ్మాయి చెబితే తెలిసింది. పిల్ల నాతో ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

ఎవరూ చూడలేదట. మూడుసార్లు దిద్దిన నేను ఎవరినీ కాదన్నమాట. రెండు సీసాల ఎర్ర సిరా అయిపోయింది దానికి. బయటివాళ్ళ ముందు అమ్మమ్మ పేరు చెప్పుకోవడం నామోషీ అయింది కాబోలు.

ఏప్రిల్ 23, బుధవారం

నిన్న రాసింది కొట్టెయ్యాలి. కొట్టెయ్యను. ఎంత తెలివితక్కువదాన్నో నా దస్తూరీలోనే ఉండనీ.

నా పేరు చెబితే అయిపోయేది. ఒక్క మాట. చెప్పలేదు.

అంటే దానికి తెలుసా? తెలిస్తే అడగదా? తెలియదేమో. తెలియకూడదు. తెలిస్తే ఇకమీద ఒక్క కాగితం కూడా నాకు చూపించదు. ఇప్పటికే రెండోది చూపించలేదు.

మే 2, శుక్రవారం

కరపత్రం. కాలేజీ పిల్లలు కొందరు కలిసి ఒకే కార్డు రాశారు. ఆ నలుగురు పాఠకులూ ఇంకా జరగని పుస్తకాన్ని ముందే చదివారట, నవలలో బోర్డు లాంటిదేదో వాళ్ళ దగ్గర ఉండి ఉంటుందట, వాళ్ళని ఒకసారి కలవాలనుందట. ఇంకో సమయంలో నిలబడి పోస్టులో వేసి ఉంటారట. బొమ్మ గీసి, బాణాలు పెట్టి, సమీకరణం కూడా రాశారు. సమీకరణంలో తప్పుంది.

ఇంకొక ఆవిడ, లైబ్రేరియన్, రాసింది: ‘మంట గురించి అందరూ అడుగుతున్నారు. మంట లేకపోవడమే ఈ పుస్తకం. ఆ నలుగురూ అది చదవలేదు.’

చదవలేదు. నిజమే.

మే 5, సోమవారం

చెప్పాలని నాలుగుసార్లు దాని గది దాకా వెళ్ళాను. ఒకసారి కత్తెర అడిగాను. ఒకసారి టైమెంతైందని అడిగాను, గోడ గడియారం కింద నిలబడి.

తొమ్మిదికి నాలుగు రోజులు.

మే 6, మంగళవారం

చెప్పేశాను.

మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చింది. వంటగది బల్ల దగ్గర కూర్చుని ఎవరిదో పళ్ళ అచ్చు చిన్న కత్తితో గీకుతోంది. ఎదురుగా కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో నాలుగు రకాలుగా అనుకున్నవి నాలుగూ పోయాయి. “ఆ నర్సు నేనే,” అన్నాను.

కత్తి కింద పెట్టింది. “ఊఁ,” అంది.

డ్రాఫ్ట్స్‌మన్ నేనే, కండక్టరు నేనే అన్నాను. నాలుగు డబ్బాల సంగతి చెప్పాను. అచ్చుపుస్తకం తెరవకుండా మాత్రల కింద పెట్టానని చెప్పాను. ఆ మాట దగ్గర అది మంచినీళ్ళు నా ముందుకు జరిపింది. నా ముగింపు తీసేశావని తెలిసి, ముందు సిగ్గు కాదు, కోపం వచ్చిందని కూడా చెప్పాను. అది నేనింతకుముందు ఈ డైరీకి కూడా చెప్పలేదు. ఎవరూ చూడలేదన్నావని ఒకరోజంతా అలిగానని చెప్పాను. సంపాదకురాలి దగ్గరికి నేనే వెళతానన్నాను. ఇంకా చాలా అన్నాను. అది “ఊఁ” కొడుతూనే ఉంది, మొదటిసారి వింటున్నదానిలా కళ్ళు నా మీదే పెట్టి.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ కూర్చోవడం నేనెక్కడ చదివానో.

గడియారం వైపు చూడలేదు. చూడాలంటే భయమేసింది.

“నీకు ముందే తెలుసు,” అన్నాను.

“కరపత్రం చూసినరోజే అనుమానం. సంపాదకురాలు కార్డులు చూపించినరోజు ఖాయం. నాలుగు రాతలూ భలే మార్చావు అమ్మమ్మా. కానీ నాలుగు కార్డుల కిందా రెండు గీతలున్నాయి.”

జవాబు అయిపోయాక కింద రెండు గీతలు కొట్టాలి, లేకపోతే తర్వాత ఎవరైనా తోక తగిలిస్తారు. ముప్పై నాలుగేళ్ళు బోర్డు దగ్గర నిలబడి చెప్పిన మాట. దీనికి లెక్కలు నేర్పినప్పుడూ అదే చెప్పాను.

“తెలిసి, నీ మీద పడుతుంటే ఊరుకున్నావా? నా పేరు చెప్పొచ్చు కదా?”

“చెబితే నువ్వు వాళ్ళకి జవాబు చెప్పుకోవాలి. నాకు చెప్పవు. నువ్వు నాకు చెప్పాలని...” అని ఆగింది. వాక్యం నేను పూర్తిచేస్తానని చూసింది. నేను చెయ్యలేదు. బహుశా జన్మలో మొదటిసారి.

“చెప్పాలని ఆగాను,” అంది మెల్లగా. “ఎప్పుడూ నేను నోరు తెరిచేలోపు నువ్వు జవాబిచ్చేస్తావు. ఒక్కసారి నువ్వు మొత్తం మాట్లాడితే వినాలనిపించింది. చాలా ఆలస్యం చేశావు, నాకు భయమేసింది.”

“తొమ్మిదో తారీఖు దాటితే?”

“దాటితే పళ్ళు చేసుకునేదాన్ని.”

మే 8, గురువారం

సంపాదకురాలి ఆఫీసు రెండో అంతస్తు, లిఫ్టు లేదు. రాతప్రతి మోసుకెళ్ళాను, ఎర్ర సిరాతో సహా. సాక్ష్యం ఉండాలి కదా. ఆవిడ చివరి అధ్యాయం మార్జిన్లో నేను రాసింది చూసింది: ‘నీళ్ళపులుసు. తగలబెట్టు.’ పెదవులు బిగించింది, నవ్వు ఆపుకోవడానికో, కోపానికో తెలియలేదు.

చివాట్లు పెట్టింది, పడ్డాను. నాలుగు కార్డులూ ఒకే ఇంటివని జూన్ కరపత్రంలో వేస్తానంది, వెయ్యమన్నాను. కాపీలు వెనక్కి తెచ్చినవాళ్ళకి తలా ఒక ఉత్తరం మీరే రాయాలి అంది. పందొమ్మిది మంది. ఈసారి ఒకే దస్తూరీలో అంది. కాలేజీ పిల్లలకి నిజం చెప్పడమే కష్టం, పాపం ఆ సమీకరణం అంతా... తప్పు దిద్ది పంపిస్తాను.

రెండో నవల గురించి అడిగితే, అది రాసినమ్మాయితోనే మాట్లాడతానంది. నాతో కాదు.

దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగాను, కూలబడకుండా.

మే 20, మంగళవారం

తీసుకున్నారు. పిల్ల ల్యాబు నుంచి ఫోన్ చేసి చెప్పింది. వెనకాల ఏదో మిషను గరగరమంటోంది. “ఏమిటి?” అన్నాను, మొదటిసారే వినబడినా. ఇంకోసారి చెప్పించుకోవాలని.

సాయంత్రం ఇంటికొచ్చాక రాతప్రతి ఎప్పుడిస్తావని అడిగాను. ఎర్ర సిరా కొత్త సీసా సంగతి కూడా అన్నాను, మాటవరసకి.

“ఇవ్వను అమ్మమ్మా,” అంది, కోపం లేకుండానే. “అచ్చయ్యాక చదువు, అందరిలాగే. కార్డు లోపలే ఉంటుంది.”

గుచ్చుకుంది. గుచ్చుకోలేదని రాస్తే ఈ డైరీ కూడా ఐదో కార్డవుతుంది.

నా కాపీలో కార్డు ఇంకా అలాగే ఉంది. మాత్రల డబ్బా గోడ అలమరలోకి మార్చాను. బల్ల దగ్గర కూర్చుని నా దస్తూరీలోనే రాశాను:

‘వృత్తి: రిటైరైన ఫిజిక్సు టీచరు, రచయిత్రికి అమ్మమ్మ. వయసు: డెబ్బై ఆరు. నాలుగో అధ్యాయం నిజంగానే సాగింది. పదమూడు నిమిషాల ముందు మాట ఎలా వినబడుతుందో ఫిజిక్సు ఒప్పుకోదు, నేను ఒప్పుకున్నాను. పేరు ఇప్పటికీ నచ్చలేదు. ముగింపు గురించి గతంలో నలుగురి చేత తప్పు చెప్పించాను. బోర్డు తగలబడకపోవడమే మంచిది. తగలబడితే ఆ ఫోన్ ఎవరు తీస్తారు?’

కింద నాలుగు వేళ్ళ చోటు మిగిలింది. గీతలు కొట్టలేదు. కార్డు పోస్టులో వెయ్యకుండా బల్ల మీదే, పిల్ల కూర్చునే వైపు పెట్టాను. పక్కన పెన్ను కూడా పెట్టాను.